చత్వారం అద్దాలతో పాటే ఆ పరీక్షా జరగాలి

నలభై దాటాక ఒకరోజు పేపరును చేయి చాచి పట్టుకోవాల్సి వస్తుంది. సూదిలో దారం ఎక్కించడానికి పిల్లల్ని పిలవాల్సి వస్తుంది. వయసును పేరులోనే పెట్టుకొచ్చిన చత్వారం అది. మర్నాడు ఆ మనిషి కళ్లజోడు షాపుకు వెళ్తాడు. గడ్డం ఆనించి మెషీన్‌లోకి చూస్తే దూరంగా రంగుల బెలూన్ ఒకటి కనిపిస్తుంది. తరువాత గోడ మీద చార్టు, కంటి ముందు అద్దాలు మార్చుతూ ‘ఇది బాగుందా, ఇది బాగుందా’ అన్న ప్రశ్నలు. చివరి వరుస గడగడా చదివేస్తాడు. అరగంటలో నంబరు చీటీ చేతికొస్తుంది, సాయంత్రానికి జోడు. కళ్లు చూపించుకున్నానని ఇంట్లో చెబుతాడు. అద్దాల నంబరు తప్ప ఆ కళ్లలో ఎవరూ ఏమీ చూడలేదు.

చార్టు చివరి వరుస దాకా చదివిన ఆ కంటిలోనే గ్లకోమా ఉండొచ్చు. పైగా కొన్నేళ్లుగా ఉండొచ్చు. చార్టు పరీక్షించేది నడిమి చూపును. గ్లకోమా ముందు తినేది పక్క చూపును. నడిమి చూపు జోలికి అది ఆఖరున వస్తుంది. రోడ్డు మీద కుడివైపు నుంచి వచ్చే బైకు చివరి క్షణం దాకా కనిపించదు, గుమ్మం అంచుకు భుజం తగులుతుంది, మెట్లు దిగేటప్పుడు ఆఖరి మెట్టు తప్పుతుంది. ఇవన్నీ పరధ్యానం ఖాతాలోకో వయసు ఖాతాలోకో వెళ్లిపోతాయి.

ఇది ఊహించి చెబుతున్న సంగతి కాదు. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థ 1990ల చివర్లో ‘ఆంధ్రప్రదేశ్ ఐ డిసీజ్ స్టడీ’ పేరుతో పెద్ద సర్వే చేసింది. నగరంలో 2,522 మందిని పూర్తిగా పరీక్షిస్తే 27 మందిలో ఓపెన్ యాంగిల్ గ్లకోమా ఖాయంగా తేలింది. వారిలో 25 మందికి తమకు ఆ జబ్బు ఉందన్న సంగతే తెలియదు. వీధివీధికీ మెడికల్ షాపు, పేటపేటకూ కంటి డాక్టరు ఉన్న నగరం పరిస్థితి అది. దేశం మొత్తం మీద నలభై దాటినవారిలో దాదాపు 1.12 కోట్ల మందికి గ్లకోమా ఉందని 2010లో వచ్చిన అంచనా. గ్లకోమాలో పోయిన చూపు తిరిగి రాదు. శుక్లం తీసి లెన్స్ పెడితే మర్నాడు పేపరు చదవొచ్చు. కంటి నరంలో ఎండిపోయిన పోగును మళ్లీ చిగురింపజేసే వైద్యం ఇంకా రాలేదు. ఉన్నది నిలబెట్టుకోవడమే ఇక్కడ చికిత్స. అందుకే ఎంత ముందుగా పట్టుకుంటే అంత చూపు మిగులుతుంది.

జబ్బు పేరుతోనే సగం తంటా వచ్చిపడింది. తెలుగులో దీన్ని నీటికాసులు అంటారు. వినగానే కళ్లు నీరు కారే జబ్బనుకుంటారు. కన్నీటికీ ఈ నీటికీ సంబంధం లేదు. నల్లగుడ్డు వెనకాల, కంటి లోపల ఒక పలుచని ద్రవం నిరంతరం ఊరుతుంటుంది. రోజంతా ఊరినా సుమారు మూడు మిల్లీలీటర్లే. కంటిపాపలోంచి ముందుకొచ్చి, నల్లగుడ్డు అంచున ఉండే మూలలోని జల్లెడలాంటి దారి గుండా రక్తంలో కలిసిపోతుంది. చెరువు తెలిసినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. వచ్చే నీరు వస్తూనే ఉంటుంది, పోయే తూము సరిగా లేకపోతే కట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. కంటిలో ఆ ఒత్తిడికి ముందుగా నలిగేది వెనక ఉన్న నరం. పది, పన్నెండు లక్షల సన్నటి పోగుల కట్ట అది.

తూము పాడవడంలో రెండు రకాలున్నాయి. తూము తెరిచే ఉంటుంది కానీ పూడిక పట్టి నీరు నిదానంగా పోతుంది. ఇది ఓపెన్ యాంగిల్ గ్లకోమా. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, ఏళ్ల తరబడి చడీచప్పుడు ఉండదు. రెండో రకంలో తూముకే తలుపు పడుతుంది. కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర ముందుకు జరిగి నీరు పోయే మూలను మూసేస్తుంది. ఇది యాంగిల్ క్లోజర్. ఆసియా దేశాల్లో దీని వాటా ఎక్కువ. ప్లస్ పవర్ అద్దాలు వాడేవాళ్లలో, అంటే కాస్త చిన్న కళ్లున్నవాళ్లలో, వయసు పైబడిన ఆడవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. రెండింటినీ గ్లకోమా అనే పిలిచినా వైద్యం మాత్రం వేరు. ఏ రకమో తేల్చాలంటే కంటికి చుక్కలు వేసి మొద్దుబార్చి, చిన్న అద్దాలున్న లెన్స్‌ను నల్లగుడ్డుకు ఆనించి ఆ మూలను నేరుగా చూడాలి. గోనియోస్కోపీ అనే ఆ పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలే. అది చేయకుండా చుక్కల మందు రాసిస్తే తూము తెరిచి ఉందో మూసుకుందో చూడకుండా పూడిక తీయించమన్నట్టే.

తలుపు ఒక్కసారిగా పడితే ఏమవుతుందో అనుభవించినవాళ్లు జన్మలో మరిచిపోరు. సాయంత్రం చీకటి పడే వేళ మొదలవుతుంది. ఒక వైపు తల పగిలిపోతుంది, వాంతులవుతాయి, బల్బు చుట్టూ ఇంద్రధనుస్సు రంగుల వలయం కనిపిస్తుంది, కన్ను ఎర్రబడి చూపు మసకబారుతుంది. ఇంట్లోవాళ్లు పైత్యం అంటారు, ఒంటి తలనొప్పి అంటారు, గ్యాస్ అంటారు. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు నొప్పికి ఒకటి, వాంతికి ఒకటి ఇంజక్షన్ వేసి పొద్దున్నే రమ్మంటాడు. వాంతుల గోలలో కంటి సంగతి ఎవరికీ పట్టదు. అలాంటి రాత్రి ఒక్కటి చాలు, నరానికి కోలుకోలేని దెబ్బ తగలడానికి. వాంతులతో పాటు ఒక కన్ను ఎర్రబడి చూపు మందగిస్తే ఆ రాత్రే పెద్దాసుపత్రికి బయలుదేరాలి. మందులతో కంటి ప్రెషర్ దించి, రంగు పొరకు లేజర్‌తో చిన్న రంధ్రం చేస్తారు. నీటికి పక్కదారి దొరుకుతుంది. అప్పుడు రెండో కంటికీ అదే లేజర్ చేయించుకోవాలని డాక్టర్లు పట్టుబడతారు, ఎందుకంటే దాని నిర్మాణమూ అలాంటిదే. బాగున్న కంటికి లేజర్ ఎందుకని చాలామంది తప్పించుకు తిరుగుతారు. అనుమానించాల్సిన డాక్టర్లు ఎక్కడైనా ఉండొచ్చు కానీ, ఈ ఒక్క సలహా విషయంలో మాత్రం అనుమానం అక్కర్లేదు.

ఆ పని లేజర్ రాకముందే మొదలైంది. 1857లో జర్మన్ వైద్యుడు ఆల్‌బ్రెహ్ట్ ఫాన్ గ్రేఫె రంగు పొరలో చిన్న ముక్క కత్తిరించి ఇలాంటి కళ్లను కాపాడొచ్చని చూపించాడు. ఇప్పటి మలుపు మరొకటి. 2016లో వెలువడిన ఈగిల్ అధ్యయనం, యాభై దాటిన కొందరు యాంగిల్ క్లోజర్ రోగుల్లో శుక్లం లేకపోయినా కంటి కటకాన్ని తీసి లెన్స్ పెట్టడం లేజర్ కంటే మెరుగైన ఫలితం ఇచ్చిందని తేల్చింది. వయసుతో లావెక్కిన కటకమే రంగు పొరను ముందుకు తోస్తుంది కాబట్టి, దాన్ని తీస్తే మూల తెరుచుకుంటుంది. ‘పొరే లేదంటున్నారు, మరి పొర ఆపరేషన్ ఎందుకు’ అని రోగి అడగడంలో తప్పు లేదు. ఓపిగ్గా జవాబు చెప్పడం డాక్టరు బాధ్యత. చెప్పకపోతే రెండో డాక్టరును అడగడం రోగి హక్కు.

అయితే మనదేశంలో యాంగిల్ క్లోజర్ చాలామందిలో ఇంత హడావుడి చేయదు. ఇదీ నిదానంగానే మూసుకుంటుంది. హైదరాబాద్ సర్వేలో ఈ రకం తేలినవారు 12 మంది, వారిలో అయిదుగురికి అప్పటికే ఒక కన్నో రెండు కళ్లో పోయాయి.

ఈ రెండూ కాక, వేరే జబ్బు తోకగా వచ్చే గ్లకోమాలు కొన్ని ఉన్నాయి. శుక్లం పొర బాగా ముదరాలి, అప్పుడే తీయించుకోవాలన్నది ఒకప్పటి మాట. ఆపరేషన్ పద్ధతులు మారి దశాబ్దాలైనా పల్లెల్లో ఆ మాట పోలేదు. ముదిరి తెల్లబడిన పొర ఉబ్బి మూలను మూసేయొచ్చు, లేదా కారిపోయి జల్లెడకు అడ్డుపడొచ్చు. శుక్లంతో పోయిన చూపు తిరిగొచ్చేది, గ్లకోమా తోడైతే అది కూడా రాదు. షుగరు ముదిరినవాళ్లలో కంటి లోపల పనికిరాని కొత్త రక్తనాళాలు అల్లుకుని మూలను పట్టేస్తాయి. ఇది మహా మొండిది. షుగరు ఉన్నవాళ్లు ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలనడంలో ఇదీ ఒక కారణం. చిన్నప్పుడు గోటీబిళ్ల తగిలిన కంటిలో, దీపావళి టపాసు పేలిన కంటిలో ఇరవై ఏళ్ల తరువాత కూడా ప్రెషర్ పెరగొచ్చు. తగిలిన సంగతి అప్పటికి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

వీటన్నిటికంటే కోపం తెప్పించేది మనుషులు చేతులారా తెచ్చిపెట్టే రకం. ఎండాకాలం రాగానే కొందరు పిల్లలకు కళ్లు దురద. నలిపి నలిపి ఎర్రగా చేసుకుంటారు. అది ఎలర్జీ, ఏటా వస్తుంది, ఎక్కువగా మగపిల్లల్లో. అమ్మ మెడికల్ షాపుకు వెళ్లి ‘పిల్లాడికి కళ్లు ఎర్రగా ఉన్నాయి’ అంటుంది. షాపులో కుర్రాడు చేయి చాచి అరలోంచి ఒక చిన్న సీసా తీసిస్తాడు. అందులో డెక్సామెథసోన్ ఉంటుంది, స్టెరాయిడ్. ఒక్కరోజులో ఎరుపు మాయం. మంత్రం వేసినట్టు ఉంటుంది కాబట్టి ఖాళీ సీసా దాచిపెట్టి, మళ్లీ దురద రాగానే అదే చూపించి ఇంకోటి తెస్తారు. ఒక వేసవి, రెండు వేసవులు. స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి వేస్తే అందరికీ ప్రెషర్ పెరగదు, కానీ సుమారు మూడింట ఒక వంతు మందిలో ఎంతో కొంత పెరుగుతుంది, కొద్దిమందిలో ప్రమాదకరంగా పెరుగుతుంది. పిల్లాడికి నొప్పి తెలియదు, పక్క చూపు తగ్గితే చెప్పడం రాదు. బ్లాక్‌బోర్డు కనిపించడం లేదని చెప్పే రోజుకు నరం చాలామటుకు పోయి ఉంటుంది. ఆ సీసా అట్టపెట్టె మీద నిలువునా ఎర్రగీత ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని దాని అర్థం. ఆ గీతను కొనేవాళ్లు గమనించరు, అమ్మేవాళ్లు పట్టించుకోరు. అవసరమైనప్పుడు అదే మందు కంటిని కాపాడుతుందన్నది నిజమే. డాక్టరు ప్రెషర్ కొలుస్తూ, రోజులు లెక్కపెట్టి వాడిస్తే అది ఔషధం. చుక్కల మందుల అమ్మకంపై డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఒక్క వేసవి గట్టిగా నిలబడితే ఎంతమంది పిల్లల చూపు నిలబడుతుందో!

పిల్లల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. పుట్టిన బిడ్డ కళ్లు పెద్దగా ఉంటే తెలుగు ఇళ్లలో మురిసిపోతారు. చారడేసి కళ్లంటారు, దిష్టి తీస్తారు. ఆ పెద్ద కళ్లతో పాటు బిడ్డ వెలుతురు చూడలేక మొహం తిప్పుకుంటున్నా, ఎప్పుడూ నీరు కారుతున్నా, నల్లగుడ్డు మీద పొగమంచు పట్టినట్టు ఉన్నా దిష్టి తీసి ఊరుకుంటే కుదరదు. పసికందు కంటి గోడ మెత్తన. లోపల ఒత్తిడి పెరిగితే బెలూన్‌లా సాగుతుంది, అందుకే కన్ను పెద్దదవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,300 జననాల్లో ఒకరికి పుట్టుకతో వచ్చే గ్లకోమా ఉంటుందని లెక్క తేలింది. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇది బాగా ఎక్కువ. మేనరికాలు ఎక్కువగా ఉన్నచోట ఇలాంటి జన్యు జబ్బులు ఎక్కువగా బయటపడతాయి, మేనమామను చేసుకోవడం మన దగ్గర ఇంకా పోలేదు. దీనికి చుక్కల మందు అప్పటికప్పుడు ఒత్తిడి తగ్గించడానికే, అసలు వైద్యం ఆపరేషనే. అదీ వీలైనంత తొందరగా, రోజుల పసికందైనా సరే. హైదరాబాద్‌లో ఈ పసిపిల్లల ఆపరేషన్లకే జీవితం అంకితం చేసిన డాక్టర్ అనిల్ కుమార్ మండల్‌కు 2003లో శాంతిస్వరూప్ భట్నాగర్ అవార్డు వచ్చింది. అంతటి వైద్యం ఊళ్లోనే ఉంది. బిడ్డ కళ్లను అనుమానంగా చూడాల్సిన అంగన్‌వాడీ కార్యకర్తకు, టీకాలు వేసే ఏఎన్ఎంకు ఆ మూడు గుర్తులు నేర్పడమే మిగిలింది.

ఇక పెద్దల ఓపెన్ యాంగిల్‌కు వస్తే, చేయగలిగింది ఒకటే: ప్రెషర్ దించడం. మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉండాలంటారు కానీ ఆ గీత రాతి మీద చెక్కింది కాదు. 18 ఉన్నా నరం పాడయ్యేవాళ్లున్నారు, 24 ఉన్నా ఏమీ కానివాళ్లున్నారు. కాబట్టి ఒక్కసారి గాలి ఊది ప్రెషర్ చూసి ‘నార్మల్’ అని పంపడం చాలదు, వెనకనున్న నరాన్ని చూడాలి. అనుమానం ఉంటే పక్క చూపు పరీక్ష. గిన్నెలాంటి తెల్లటి మెషీన్‌లోకి ఒక కంటితో చూస్తూ, ఎక్కడో మిణుక్కుమన్న వెలుగు కనిపించినప్పుడల్లా చేతిలో మీట నొక్కాలి. కొన్ని వెలుగులు కావాలనే కనిపించనంత మసకగా వేస్తారు. ఆ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. అన్నీ నొక్కలేకపోయాననీ, పరీక్ష తప్పాననీ దిగులుతో బయటికొచ్చే పెద్దవాళ్లు ఎందరో. ఒక్క మాట చెబితే పోయే దిగులది.

దించిన ప్రతి ఒక్క పాయింటుకూ విలువ ఉందని స్వీడన్‌లో జరిగిన అధ్యయనం చూపించింది. ప్రెషర్ ఒక మిల్లీమీటరు తగ్గితే జబ్బు ముదిరే ప్రమాదం సుమారు పది శాతం తగ్గుతుంది. చుక్కల మందుల్లో టిమొలాల్ 1970ల చివర్లో వచ్చింది. నీరు ఊరడాన్ని తగ్గిస్తుంది, చవక. ఆయాసం ఉన్నవాళ్లకు మాత్రం పనికిరాదు, కంటిలో వేసిన చుక్క ఊపిరితిత్తుల దాకా పోతుంది కాబట్టి ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. లాటనోప్రోస్ట్ 1996లో వచ్చింది. రాత్రి ఒక్క చుక్క చాలు, నీరు బయటికి పోయే దారిని పెంచుతుంది. కనురెప్పల వెంట్రుకలు పొడవవడం దాని కొసరు. మందులు బాగానే ఉన్నాయి. వేసుకోవడమే ఉండదు. నొప్పి లేని జబ్బుకు, వేసినా తేడా తెలియని మందు, జన్మంతా. బీపీ మాత్రలు మానేసినట్టే దీన్నీ మానేస్తారు.

వేసుకునేవాళ్లదీ ఒక అవస్థ. వణికే చేత్తో పట్టుకున్న సీసా నుంచి మొదటి చుక్క కనుబొమ్మ మీద, రెండోది చెంప మీద, మూడోది ఎలాగో కంట్లో. నెల రోజులు రావాల్సిన సీసా పదిహేను రోజుల్లో ఖాళీ. కింది రెప్పను వేలితో కాస్త లాగితే చిన్న జేబులా అవుతుంది, చుక్క అందులో పడాలి. పడ్డాక కన్ను మూసుకుని ముక్కు పక్కన మూలను రెండు నిమిషాలు నొక్కి ఉంచాలి. రెండో మందు ఉంటే అయిదు నిమిషాలు ఆగాలి. వేలకు వేలు పోసి మందులు కొనిపించే చోట ఈ రెండు నిమిషాల పాఠం చెప్పే మనిషి కనిపించడు.

జీవితాంతం చుక్కలు పడనివాళ్లకు లేజర్ ఉంది. కొత్తగా జబ్బు తేలినవాళ్లకు మొదటే ఎస్ఎల్‌టీ అనే లేజర్ చేస్తే, మూడేళ్ల తరువాత దాదాపు ముప్పావు వంతు మందికి చుక్కలు అవసరం రాలేదని 2019లో బ్రిటన్ అధ్యయనం తేల్చింది. బ్రిటన్ మార్గదర్శకాలే దాంతో మారాయి. మన దగ్గర ఆ మెషీన్ పెద్ద ఆసుపత్రులు దాటి రాలేదు. మందు, లేజర్ రెండూ చాలనప్పుడు ఆపరేషన్. చెరువుకు అలుగు కట్టినట్టు, పై రెప్ప కింద కంటి గోడలో చిన్న దారి చేసి మిగులు నీటిని తెల్లగుడ్డు మీది పలుచని పొర కిందికి వదులుతారు. అదీ పనిచేయని కళ్లకు సన్నటి గొట్టం అమర్చుతారు. దిగుమతి గొట్టాల ధర అందుకోలేని దేశంలో మదురైలోని అరవింద్ సంస్థకు చెందిన ఆరోల్యాబ్ చవకగా సొంత గొట్టం తయారుచేసింది. ఆపరేషన్‌కు ముందు ఒక సంగతి రోగికి తెలియాలి. దీని తరువాత చూపు పెరగదు. ‘డబ్బు పోసినా చూపు రాలేదు’ అని తిట్టుకుంటూ ఇంటికెళ్లేవాళ్లు ఆ మాట ఎవరూ ముందు చెప్పనివాళ్లే.

మరి ప్రభుత్వాలు ఏం చేయాలి? తెలంగాణ 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలుపెట్టింది. మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా పరీక్షలు చేసింది. 2019లో ఆంధ్రప్రదేశ్ బడిపిల్లలతో మొదలుపెట్టి అలాంటి పథకమే తెచ్చింది. ఇంత పెద్ద ఎత్తున జనం కళ్ల ముందుకు వెళ్లిన కార్యక్రమాలు దేశంలో అరుదు, ఆ ఘనత తీసేయలేనిది. కానీ వాటి చూపు అద్దాల మీద, శుక్లాల మీదే ఎక్కువగా నిలిచింది. అలాగని గ్లకోమా కోసమే ఇంటింటికీ వేరుగా శిబిరాలు పెట్టమనడం తెలివైన పని కాదు. వందమందిని జల్లెడ పడితే దొరికేది ఇద్దరు ముగ్గురు, ప్రెషర్ ఒక్కటే చూస్తే వారిలోనూ చాలామంది తప్పించుకుపోతారు. మొదటిది, ఎలాగూ కంటి పరీక్షకు వచ్చిన నలభై ఏళ్ల మనిషినే పూర్తిగా చూసి పంపడం. అది అంతకంటే చవక. చత్వారం అందరికీ వస్తుంది, అందరినీ ఆ కుర్చీ దాకా తెస్తుంది. ఆ ఒక్కసారి ప్రెషర్ కొలిచి, కంటి వెనక నరానికి ఒక ఫొటో తీస్తే చాలు. ఫొటో చూసి అనుమానితులను వేరుచేసే డాక్టరు జిల్లా కేంద్రంలో కూర్చున్నా పని జరుగుతుంది. గోనియోస్కోపీ అవసరం ఆ వేరుచేసిన కొద్దిమందికే.

రెండోది మందు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీకి, షుగరుకు నెలనెలా మాత్రలిచ్చే కౌంటరు ఇప్పటికే ఉంది. ఆ పక్కనే రెండు రకాల చుక్కల సీసాలు పెట్టాలి. ఆపరేషన్లకు డబ్బిచ్చే పథకాలున్నాయి. ఆ ఆపరేషన్ అవసరం రాకుండా చేసే చుక్కల ఖర్చు మాత్రం రోగి జేబు మీదే పడుతోంది.

మూడోది అన్నిటికంటే తేలిక. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ అధ్యయనం ప్రకారం గ్లకోమా రోగుల తోబుట్టువులు, పిల్లల్లో జీవితకాలంలో ఆ జబ్బు వచ్చే అవకాశం 22 శాతం, మిగతావాళ్లలో రెండున్నర శాతం లోపే. అంటే ఒక రోగి దొరికితే తరువాతి రోగి ఎక్కడున్నాడో సగం తెలిసినట్టే. అయినా ఓపీ చీటీ మీద బీపీ, షుగరు గడులు కనిపిస్తాయి కానీ ‘అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎందరు, ఫోన్ నంబర్లేమిటి’ అనే గడి కనిపించదు. ఆ గడి వేసి, చుక్కల సీసా ఇచ్చే కౌంటరు దగ్గరే నింపించి, సంక్రాంతికి అందరూ ఊరికి చేరే వారం ముందు ఫోన్లు చేయించడానికి కొత్త బడ్జెట్ ఏమీ అక్కర్లేదు.